కరణముగారి గొలుసుకట్టు

తెలుగునాట తండ్రి గతించిన యింట ఏటేట ఆ తిథినాడు తద్దినము పెట్టునపుడు, కర్త పేరుపెట్టి పిలుచునది మూడు తరములవారిని మాత్రమే. తండ్రి వసురూపుడు, తాత రుద్రరూపుడు, ముత్తాత ఆదిత్యరూపుడు. ఆ మువ్వురికే పిండములు. ముత్తాతకు పైనున్న మువ్వురు పిండమునకు అర్హులు కారు. పిండము పెట్టిన చేతికి అంటుకొనియున్న మెతుకులను దర్భలపై తుడుచునపుడు ఆ లేపము మాత్రమే వారికి చెందును గనుక శాస్త్రకారులు వారిని లేపభాగులనిరి. ఈ యేర్పాటులో ఎంత దయ యున్నదో అంత లౌకికజ్ఞానమును ఉన్నది. మనుష్యుని జ్ఞాపకము ఎన్ని తరముల బరువు మోయగలదో పెద్దలు తూచి చూచియే ఈ హద్దు పెట్టిరని నాకు తోచును. నేటి యువకుని నెవనినైన ముత్తాత పేరేమని అడిగి చూడుడు. పురోహితుడు ప్రక్కన లేనిచో తడుముకొనును. ఇంటిపేరు మిగులును, గోత్రము మిగులును, మనిషి మిగులడు.

అయితే తెలుగుదేశమున కొన్ని యిండ్లలో పూర్వులను ఎరుగుటకు మరియొక సాధనము కూడ నుండెను. అవి గ్రామకరణముల యిండ్లు. ఊరి భూమి యెంత, అందు మాగాణి యెంత, మెట్ట యెంత, ఏ చెరువు ఏ యేట తెగినది, ఏ గుడికి ఎవరు మాన్యమిచ్చిరి, ఏ ప్రభువు పోయి ఏ ప్రభువు వచ్చెను అను సంగతులెల్ల కరణములు తరతరములుగ తాటియాకుల మీదను, పిమ్మట కాగితముల మీదను వ్రాసి కాపాడిన కట్టలకు కవిలెలనియు దండకవిలెలనియు పేరు. కల్నల్ కాలిన్ మెకంజీ దక్షిణదేశ చరిత్రమునకు కావలసిన సామగ్రిని ప్రోగుచేయ సంకల్పించి, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అను తెలుగు సోదరుల సాయముతో ఊరూర సేకరించిన కైఫియత్తులకు ఈ కవిలెలు ముఖ్యాధారములు. మెకంజీ 1815లో భారతదేశమునకు మొట్టమొదటి సర్వేయరు జనరలయ్యెను, 1821లో గతించెను. ఆయన పేరు చరిత్రలో నిలిచినది; బొర్రయ్య పేరు పండితులెరుగుదురు; తమ యింటి అటుకమీదినుండి కవిలెకట్ట దింపి, దుమ్ము దులిపి, చదివి చెప్పిన కరణముల పేర్లు ఎవరెరుగుదురు?

మా నాన్నగారు అట్టి కరణములలో చివరి తరమువారు. అలంకారమునకు అనుచున్న మాట కాదిది. వారి తరువాత ఆ యుద్యోగమే లేదు. కృష్ణకు పడమటనున్న డెల్టాలో, తెనాలి ప్రాంతమున ఒక మాగాణి గ్రామమునకు వారు కరణీకము చేసిరి. వారి తండ్రిగారును, తాతగారును ఆ యూరికే చేసిరి. నాన్నగారు పోయి చాలకాలమైనది. వారు మాకు విడిచిపోయినదేమి యని ఇప్పుడు తీరికగా తలచుకొనుచున్నాను. కాని కరణమనగా ఎవరో, ఆయన చేయు పని యెట్టిదో చెప్పనిదే నేటి పాఠకులకు ఆ సంగతి బోధపడదు.

రైతువారీ పద్ధతిలో ప్రభుత్వమునకును రైతునకును నడుమ జమీందారు లేడు. దత్తమండలములలో 1800 మొదలు 1807 వరకు కలెక్టరు పని చూచిన థామస్ మన్రో పేరు ఈ పద్ధతితో పెనవేసికొని యున్నది. జమీందారు లేనిచోట ప్రతి రైతును, ప్రతి చెక్కను ప్రభుత్వము వేరువేరుగ ఎరిగి శిస్తు కట్టవలసి వచ్చును. దొరలు ఊరూర కూర్చుండలేరు గదా! ఆ యెరుక అంతయు కరణము పుస్తకములలో నుండెను. మునసబు శిస్తు వసూలుచేయును, చిల్లర తగవులు తీర్చును. తలారియు వెట్టియు ఆయన చెప్పుచేతలలో తిరుగుదురు. ఏ సర్వే నంబరులో ఎన్ని సెంట్లు ఎవరి యనుభవమున నున్నవి, ఈ యేడు సార్వాకు ఏమి వేసిరి, దాళ్వాకు నీరు అందినదా లేదా, వరి కోసిన తరువాత మినుము చల్లిరా పిల్లిపెసర చల్లిరా అను వివరములెల్ల పొలమునకు పోయి, గనిమలవెంట నడిచి, స్వయముగ చూచి అడంగలులో ఎక్కించుట మాత్రము కరణము పని. తెలంగాణమున ఆ పుస్తకమునే పహాణీ యనిరి, ఆ యుద్యోగిని పట్వారీ యనిరి.

ఈ లెక్కలకు సంవత్సరము కూడ వేరు. దానిని ఫసలీ యందురు. అది జూలై ఒకటవ తేదీన మొదలగును. ఫసలీ సంఖ్యకు 590 కలిపినచో అది మొదలైన క్రీస్తుశకము వచ్చును. మా యింటిలో పుట్టుకలు కూడ ఫసలీలలోనే చెప్పుకొనెడివారము. మా అక్కయ్య 1360 ఫసలీలో పుట్టినది. ఏటేట పై యధికారి కచ్చేరి చేసి ఊళ్లవారీగ లెక్కలు తనిఖీచేయు తంతునకు జమాబందీ యని పేరు. జమాబందీ దగ్గర పడినదనిన మా యిల్లంతయు కచ్చేరి యయ్యెడిది. అమ్మ పెందలకడ వంట ముగించి లాంతరు చిమ్నీలు తుడిచి వరుసగ పెట్టెడిది. చేతివ్రాత కుదిరిన పిల్లలకెల్ల నకళ్ల పని పడెడిది. ఇంటిల్లిపాది ఇట్లు రాత్రింబగళ్లు చాకిరీచేసిన ఈ యుద్యోగమును రద్దుపరచునపుడు ప్రభుత్వము పెట్టిన పేరు పార్ట్‌టైము ఉద్యోగమని! నాన్నగారు కోపము లేని మనిషి గాని ఆ మాటకు మాత్రము నవ్వెడివారు కారు.

నాన్నగారి పనిలో పిల్లలమైన మాకు మిక్కిలి యిష్టమైనది కొలత. ఆ కొలత గొలుసు గంటరు గొలుసు, పొడవు 66 అడుగులు. అందు ఇనుప లింకులు నూరు. పదేసి లింకులకొక ఇత్తడి బిళ్ల వ్రేలాడుచుండును. పదవ లింకు కడ బిళ్లకు ఒక కోర, ఇరువదవ లింకు కడ రెండు కోరలు, ఇట్లు నలుబదివరకు పెరిగి, నట్టనడుమ ఏబదియవ లింకు కడ గుండ్రని బిళ్ల యుండును. ఒక గొలుసు వెడల్పును పది గొలుసుల పొడవును గల చెక్క సరిగ ఎకరము. అందు నూరవవంతు సెంటు, అనగా 48.4 చదరపు గజములు. తెలంగాణమున ఎకరమునకు నలుబది గుంటలు గనుక అచ్చటి గుంట 121 చదరపు గజములు. వాడగా వాడగా గొలుసు సాగును. అందుచేత మా వీధిలో 66 అడుగుల యెడమున రెండు రాళ్లు పాతించి, కొలతకు బయలుదేరుటకు ముందు గొలుసును వానిమధ్య పరచి సరిచూచుట నాన్నగారి నియమము.

తగవులాడుకొనుచున్న రైతులు ఇద్దరును పొలము కడకు వచ్చువరకు గొలుసు విప్పెడివారు కారు. వచ్చిన పిమ్మట ఒక కొస ఒకని చేతికి, రెండవ కొస రెండవవాని చేతికి ఇచ్చెడివారు. తలారి ఉండగా ఇదేమి పద్ధతియని క్రొత్తగ వచ్చిన రెవెన్యూ ఇన్‌స్పెక్టరుకు తోచెడిది. "బిగించి పట్టండి ఇద్దరూ. రేపు గొలుసు వదులైందని మళ్లీ నా గుమ్మం ఎక్కొద్దు" అని నాన్నగారు కేకవేసెడివారు. తన భూమి పోవునను భయముతో ఒకడు లాగును, వానికంటె గట్టిగ రెండవవాడు లాగును. గొలుసు తీగవలె నిలుచును. అంతట హద్దురాయినుండి లింకులు లెక్కపెట్టుట. తన చేతితో తాను బిగించిన గొలుసును తప్పుపట్టగల రైతును నే నింతవరకు చూడలేదు. శాస్త్రోక్తమైన సర్వే పుస్తకములలో ఈ ఉపాయము లేదు. తాతగారు నేర్పినదని నాన్నగారు చెప్పిరి. ఆయనకు ఎవరు నేర్పిరో!

ఇక వ్రాత సంగతి. కరణముల వ్రాతకు గొలుసుకట్టు అని పేరు. కలము ఎత్తకుండ అక్షరమునకు అక్షరము తగిలించుచు, తలకట్లను దీర్ఘములను లోనికి మడిచివేయుచు, మాటకును మాటకును నడుమ ఎడము లేకుండ పంక్తి కొసవరకు సాగించు వ్రాత అది. వేగమునకు పుట్టినదని కరణములందురు. ఇతరులు చదువకుండుటకు పుట్టినదని రైతులందురు. రెండును నిజమే కావచ్చును. అందు అంకెలు మరింత కష్టము. భిన్నములను నాలుగేసి భాగములుగ విడదీసి గీతలతో వ్రాయుట తెలుగు లెక్కల పూర్వాచారము: పావునకు ఒక నిలువుగీత, అరకు రెండు, ముప్పావునకు మూడు, ఆ పావులో మరల నాలుగవ వంతైన వీసమునకు ఒక అడ్డగీత, రెండు వీసములకు రెండు, మూడింటికి మూడు. రూపాయకు పదునారణాలైన కాలమున ఇది ఎంత సుకరమో చూడుడు. అణాయే వీసము. పావలాకు ఒక నిలువు, అణాకు ఒక అడ్డము, బేడకు రెండు అడ్డములు. ఏడణాలు వ్రాయవలెనన్న ఒక నిలువుగీత గీచి ప్రక్కన మూడు అడ్డగీతలు గీసిన చాలును. 1957 ఏప్రిలులో దశాంశపు నాణెములు వచ్చిన తరువాత ఈ గీతలకు ఇల్లు లేకపోయినది.

ఈ వ్రాతయు ఈ గీతలును మా యింటిలో నేర్చుకొన్నది నేను కాదు, మా అక్కయ్య. నేను పట్టణమున చదువుకొనుచుంటిని. సెలవులలో గొలుసు వెంట తిరుగుటతో నా ముచ్చట తీరెడిది. అక్కయ్య ఇంటిపట్టున నుండినది గనుక జమాబందీ నకళ్లు ఆమె చేతిమీదుగ సాగెడివి. నాన్నగారు చెప్పుచుండగా వ్రాసి, వారు వ్రాసినది చదివి వినిపించి, తాతగారి పాత పుస్తకములలో ఏదైన వెదుకవలసి వచ్చినపుడు ఆ పుటలు త్రిప్పి, పెండ్లి యగునాటికి ఆమె గొలుసుకట్టును అచ్చుపుస్తకము చదివినట్లు చదువసాగెను. దీనిని విద్యయని ఎవరును అనలేదు. ఆడపిల్ల దస్తూరి బాగున్నది, తండ్రికి కొంచెము చేదోడుగ నున్నది, అనుకొనిరి. కరణీకము ఆమెకు రాదు గదా. తద్దినమునకు ఆమె కర్త కాదు. పొలములో నాటికి ఆమెకు వాటా లేదు. వంశమునకు సంబంధించినవి యెల్ల కొడుకుల దారిని పోవుచుండ, ఒక్క చేతివ్రాత మాత్రము ఎవరికిని తెలియకుండ కూతురి దారిని పోయినది.

ఇంతవరకు చదివినవారు కరణములెల్ల ధర్మమూర్తులని నేను చెప్పబోవుచున్నట్లు తలపకుందురు గాక. సుమతి శతకకారుడు కరణములను గూర్చి ఒకటి రెండు పద్యములు ఊరక చెప్పలేదు. ఊరివారిలో చదువ నేర్చినవారు కొద్దిమందియై, ఆ కొద్దిమందికిని అంతుబట్టని లిపిలో ఊరి భూమి అంతయు ఒక్కని పెట్టెలో నున్నపుడు, ఆ ఒక్కడు సాధువుగ నుండుట ఆయన మంచితనము వలన జరుగవలసినదే గాని పద్ధతి వలన జరుగునది కాదు. తెలంగాణమున పటేలు పట్వారీల దౌష్ట్యమును గూర్చి పెద్దలు ఇప్పటికిని కథలుగ చెప్పుకొందురు. మా జిల్లా అంతకంటె మేలని చెప్పుటకు నాకు నోరు రాదు. మా తాతగారిని గూర్చియే ఊరిలో ఒక మాట యుండెను. డొంకప్రక్కన నున్న ముప్పదియారు సెంట్ల చెక్క ఒకటి, ఒక విధవరాలిది, మా ఖాతాలోనికి ఎట్లో వచ్చినదని. ఎదుట ఎవరును అనలేదు. మేము ఆ దారిని పోవునపుడు మాటలాగిపోవుట మాత్రము చిన్నతనమున నేను ఎరుగుదును. నాన్నగారు ఆ ప్రసక్తియే ఎన్నడును తేలేదు.

కరణీకము తండ్రినుండి కొడుకునకు వచ్చుట ఆచారము మాత్రమే కాదు, చట్టము కూడ. మద్రాసు రాజ్యమున 1895లో చేసిన వంశపారంపర్య గ్రామోద్యోగముల చట్టము ఆ హక్కును స్థిరపరచెను. రాజ్యాంగము వచ్చిన పిమ్మట దాని పదునారవ అధికరణము, వంశమును బట్టి ప్రభుత్వోద్యోగమున భేదము చూపరాదని శాసించినది. కృష్ణా గుంటూరు సీమలనుండియే గాజుల దశరథ రామారావు అనునతడు ఒక మునసబు పదవి విషయమై సుప్రీంకోర్టు దాక పోయి, పూర్వపు ఉద్యోగి కొడుకనుట వలన ఒకనికి అగ్రస్థానమీయరాదని తీర్పు పొందెను. ఈ తీర్పు 1961నాటి లా రిపోర్టులకెక్కినది. అయినను పుస్తకములు ఎవరి యింట నున్నవో, వ్రాత ఎవరికి వచ్చునో, వారినే పదవి వెదకికొనివచ్చుట ఆచరణలో ఆగలేదు. తుదకు 1984 జనవరిలో నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము ఒక ఆర్డినెన్సు మూలమున రాష్ట్రమంతట కరణములను, మునసబులను, పటేలు పట్వారీలను ఒక్క పెట్టున తొలగించెను. ఉద్యోగులు కోర్టుకెక్కిరి. 1985లో సుప్రీంకోర్టు ప్రభుత్వపు పక్షమున తీర్పు చెప్పినది. ఆ యేడే తాలూకాలు పోయి మండలములు వచ్చినవి.

పుస్తకములు పట్టుకొనిపోవుటకు తాలూకా కచ్చేరినుండి మనుష్యులు వచ్చిననాడు నేను ఊరిలోనే యుంటిని. నాన్నగారు అన్నిటిని ముందే వరుసగ కట్టి, కట్టకొక చీటి తగిలించి, అరుగుమీద పెట్టించిరి. అడంగళ్లు, సర్వే పటముల పుస్తకము, పట్టాదారుల ఖాతాలు, రశీదు పుస్తకములు. ఒక్కొక్క పేరు చదువుటయు, టిక్కు పెట్టుటయు. మధ్యాహ్నమునకు ముగిసినది. అప్పగింత పత్రము మీద నాన్నగారు సంతకము చేసిరి. వచ్చిన గుమస్తా యువకుడు, మర్యాద యెరిగినవాడు, ఆ సంతకమును అటునిటు త్రిప్పి చూచి, "ఏమనుకోకండి కరణంగారూ, పైవాళ్లకు చదవడానికి రావాలి, కాస్త విడివిడిగా రాస్తారా?" అనెను. నాన్నగారు ఒక్క నిమిషము ఆగిరి. పిమ్మట దాని క్రింద తమ పేరు, తండ్రి పేరు, ఊరి పేరు, మొదటి తరగతి పిల్లవానివలె ఒక్కొక్క యక్షరము వేరుగ వ్రాసిరి. ఆ అక్షరములు ఎంత ముద్దుగ నున్నవో! వారు అట్లు వ్రాయగా నేను అంతకుముందు చూడలేదు.

పుట్టుక హక్కును కొట్టివేయుట న్యాయమే యని నాన్నగారు కూడ ఒప్పుకొనిరి. నా యభిప్రాయమును అదియే. కాని ఆ హక్కుతోపాటు నెలనెల పొలము తిరిగి చూచి వ్రాయు అలవాటును కూడ మూటగట్టి పారవేసిరి. తరువాత వచ్చిన గ్రామోద్యోగులకు పేర్లు మారినవి, పనులు మారినవి. ఒక్క ఊరు కాక పది యూళ్ల పని నెత్తిన పడినవారికి గనిమలవెంట నడచు తీరిక ఎక్కడిది? తెలంగాణమున 2020లో వీఆర్వో పదవిని కూడ తీసివేసిరి. ఇప్పుడు లెక్కలు కంప్యూటరులో నున్నవి. ఆంధ్రప్రదేశమున మీభూమి, తెలంగాణమున ధరణి, దాని తరువాత భూభారతి. గ్రుడ్డిదీపము కడ గొలుసుకట్టు చదువలేక అవస్థపడిన రైతునకు ఇది గొప్ప మేలు. ఎవరి ఖాతా వారు తమ సెల్‌ఫోనులోనే చూచుకొందురు. అయితే తెరమీద కనబడు అంకె ఎవడో ఒకడు పొలమున నిలిచి చూచి వ్రాసినదై యుండవలెను గదా!

పదవి పోయిన తరువాత కూడ రైతులు నాన్నగారి కడకు వచ్చుట మానలేదు. ఇది మాకు వింతగ నుండెడిది. "నా దగ్గర పుస్తకం లేదు నాయనా. పుస్తకం లేకుండా నోటితో చెబితే అది సాక్ష్యం కాదు, కబురు" అనెడివారు. అని యూరకుండక కండువా భుజాన వేసికొని వారితో పొలమునకు పోయెడివారు. ఏ రాయి ఎక్కడ పూడినదో గుర్తుండెడిది. "ఇక్కడ మూరెడు లోతున తవ్వి చూడు" అనెడివారు, రాయి తగిలెడిది. దాని పిమ్మట సెంట్లు ఎన్నియో ఆయన చెప్పెడివారు కారు. మండల కచ్చేరికి దరఖాస్తు పెట్టుకొని సర్వేయరును పిలిపించుకొమ్మనెడివారు. ప్రతిఫలముగ దోసకాయలో, నాలుగు శేర్ల మినుములో తెచ్చియిచ్చిన అమ్మ తీసికొనునేమో యని ఆమెవైపు గట్టిగ చూచెడివారు.

వారు పోయిన పిమ్మట పంపకముల ప్రసక్తి వచ్చినది. మన ఆస్తి ధర్మము వేయేండ్ల నాటిది. కల్యాణి చాళుక్య ప్రభువైన ఆరవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి వ్రాసిన మితాక్షరా వ్యాఖ్యయే తెలుగుసీమకు ప్రమాణము. పదమూడవ శతాబ్దమున కేతన దానిని తెలుగున పద్యములలో విజ్ఞానేశ్వరీయముగ అందించెను. ఆ ధర్మము ప్రకారము కొడుకు పుట్టినంతనే పిత్రార్జితమున భాగస్వామి యగును; కూతురు కాదు. 1956నాటి హిందూ వారసత్వ చట్టము తండ్రి వాటాలో కూతురికి చోటిచ్చినది గాని ఉమ్మడి కుటుంబపు భాగస్వామిని చేయలేదు. ఆ మెట్టు దాటించినది మన రాష్ట్రమే. 1985 సెప్టెంబరు 5 మొదలు అమలులోనికి వచ్చునట్లు చేసిన ఆంధ్రప్రదేశ సవరణ, కూతురిని పుట్టుకతోనే కొడుకుతో సమానురాలిని చేసెను. చిక్కు ఏమనగా, ఆ తేదీకి ముందే పెండ్లియైనవారికి అది వర్తింపదు; మా అక్కయ్య అట్టివారిలో ఒకతె. 2005లో పార్లమెంటు చేసిన సవరణ ఆ తేడాను తీసివేసినది. తండ్రి అప్పటికి బ్రతికియుండవలయునా యను సందేహమును 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు, అక్కరలేదని తీర్చివేసినది. మా పొలము అంతవరకు ఉమ్మడిగనే యుండుటచే మాకు చిక్కు కలుగలేదు. వాటాలు సమానముగ వేసికొంటిమి. ఒక విచిత్రము చెప్పవలెను. రెండేండ్ల వ్యవధిలో ప్రభుత్వము పుట్టుకచే కొడుకునకు వచ్చు పదవిని తీసివేసినది, పుట్టుకచే కూతురికి రాని భూమిని ఇచ్చినది. ఈ రెండింటిని కలిపి ఆలోచించినవారు ఆనాడు ఎవరైన నుండిరో లేదో గాని మా యింటిలో రెండును ఒకే యరుగుమీద కలిసికొన్నవి.

భూమి పంచుకొనిన తరువాత మిగిలినది ఒక మందసము. ప్రభుత్వ పుస్తకములెల్ల 1984లోనే పోయినవి. దీనిలో నున్నవి మా సొంతము. అరిగిన గొలుసు, ఇత్తడి వృత్తలేఖిని, తాతగారి సొంత చిట్టాలు. చిట్టాలలో ఇంటి జమాఖర్చులు, పాలేళ్ల జీతములు, చేబదుళ్లు, నాగులకు కొలిచిన ధాన్యము, తాకట్లు. నాకు అవి చీమలబారులు. తద్దినమునకు వచ్చినపుడెల్ల అక్కయ్య భోజనములైన పిమ్మట ఆ పెట్టెముందు కూర్చుండును. అద్దములు సవరించుకొని, పంక్తి క్రింద దర్భపుల్ల ఒకటి జరుపుకొనుచు చదువును. బిగ్గరగ చదువును, ఆమె గొంతులో తాతగారి వాక్యములు, "ఇవ్వడమైనది", "పుచ్చుకోవడమైనది" అను ఆ పాత దస్తావేజుల తెలుగు, ఇల్లంతయు వినవచ్చును. నేను ప్రక్కన కూర్చుండి మామూలు తెలుగులో ఎత్తి వ్రాయుదును. ఇట్లు కొన్ని చిట్టాలు పూర్తియైనవి.

వానిలో ఒకదానియందు ఆ విధవరాలి పద్దు బయటపడినది. పంట పోయిన యేట ఆమె అరువది రూపాయలు అప్పు తీసికొన్నది. డొంకప్రక్క చెక్క తాకట్టు. వడ్డీ, వడ్డీకి వడ్డీ, ఏటేట బాకీ పెరుగుట, చివర చెక్క "మన ఖాతాలో కలుపుకోవడమైనది" అని ఒక పంక్తి. ఆ దినములలో ఊరూర జరిగినదే కదా యని నేను పుట త్రిప్పబోతిని. అక్కయ్య చేయి అడ్డుపెట్టెను. దానికి ముందటి పుటలో, వేరొక పద్దు క్రింద, అదే మనిషి పేర పండ్రెండు రూపాయల ఏడణాలు జమ, మరి కొన్నాళ్లకు మరియొక జమ, మరియొకటి, నిలువుగీతలు, అడ్డగీతలు. ఈ జమలేవియు బాకీ లెక్కలోనికి రాలేదు. వానిని కలిపి చూచిన అసలు చాలవరకు తీరియే యున్నది. ఆ మూడు జమల ప్రక్కను పెన్సిలుతో చిన్న టిక్కులున్నవి. అవి తాతగారివి కావు. సరిచూచిన పద్దు ప్రక్కన పెన్సిలు టిక్కు పెట్టుట నాన్నగారి అలవాటు.

అప్పుడు నాకు ఒక పాత సంగతి తట్టినది. నేను కళాశాలలో నుండగా నాన్నగారు ఆ డొంకప్రక్క చెక్కను ఆ విధవరాలి కొడుకునకు నామమాత్రపు వెలకు రిజిస్టరు చేసి యిచ్చిరి. మా పెండ్లిండ్లు ముందున్నవి, మాగాణి వెల పెరుగుచున్నది, ఇదేమి బుద్ధి యని అమ్మ చాలకాలము సణిగెను. ఆ చెక్క మనకు దూరము, సేద్యమునకు వీలు కాదు, అని మాత్రమే వారు చెప్పిరి. అది మా యింటికి రెండు గొలుసుల దూరము కూడ లేదు.

ఈ సంగతి ఆ యింటివారికి చెప్పవలయునా వలదా యని మాకిద్దరికి వాదము జరిగినది. తాతగారి తప్పు నాన్నగారు దిద్దిరి, దానిని మరల త్రవ్వుటెందుకని నే నంటిని. జమ వచ్చిన పద్దును జమగ వ్రాయకుంటే లెక్క మూయరాదు, నాన్నగారు ఆ మాట ఎన్నిసార్లు చెప్పలేదు, అని అక్కయ్య యనెను. ఆమె మాటయే నెగ్గినది. ఆమెయే పోయినది, నేను వెంట పోతిని. ఆ యింటి పెద్ద ఇప్పుడు అరువదియేండ్లు దాటిన మనుమడు. చిట్టాలో నున్నదంతయు విని ఆయన ఏమాత్రము ఆశ్చర్యపడలేదు.

"మాకు తెలవందేం కాదు అక్కగారూ. మా నాయనమ్మ పోయేదాకా ఆ పన్నెండు రూపాయల లెక్క చెప్పుకుంటానే ఉండేది. మీ నాన్నగారు పొలం రాసిచ్చినప్పుడు ఎందుకిస్తన్నారని మా నాయన అడగలా, ఆయనా చెప్పలా" అనెను. కొంచెము సేపాగి, "అది గాదుగానండీ, ఆన్‌లైన్‌లో ఆ చెక్క ముప్పై మూడు సెంట్లే చూపిస్తన్నారు. మీ తాతగారి పుస్తకంలో ముప్పై ఆరు అని ఉందంటన్నారు గదా, ఆ పేజీ కాస్త మాకు చదవొచ్చేటట్టు రాసిస్తారా?" అని అడిగెను.

సొంత చిట్టాకు కచ్చేరిలో విలువ యుండదనియు, రిజిస్టరైన దస్తావేజు నకలు జతపరచి సర్వేకు దరఖాస్తు పెట్టుకొనుమనియు, కొలతనాడు గొలుసైనను యంత్రమైనను తాను దగ్గర నిలిచి చూచుకొనుమనియు అక్కయ్య ఆయనకు చెప్పినది. చెప్పి, వాళ్ల అరుగుమీదనే కూర్చుండి, మనుమరాలి నోటుబుక్కునుండి ఒక కాగితము చింపించుకొని, ఆ పుటను విడివిడి యక్షరములతో ఎత్తి వ్రాసి యిచ్చినది. ఏడణాల కడ గీతలు గీసి, ప్రక్కన అంకెలలో కూడ వేసినది.